ఈఆర్‌డీ

పక్షవాతం వచ్చినవారు ఆలోచనతోనే యంత్రాలను నడిపారన్న వార్తల్లో కనిపించే మాట ఇది. పూర్తిపేరు ఈవెంట్ రిలేటెడ్ డీసింక్రనైజేషన్. చేతులు కదపకుండా కూర్చున్నప్పుడు మెదడులో కదలికలను నడిపే భాగంలో 8-13 హెర్ట్జ్‌ల మ్యూ తరంగాలు, అంతకన్నా వేగమైన బీటా తరంగాలు బలంగా ఉంటాయి. మన ఇష్టంతో కుడిచేతి వేలు కదిపితే, ప్రధానంగా ఎడమవైపు వాటి బలం పడిపోతుంది. అసలు అబ్బురం ఏమిటంటే, వేలు కదలడానికి సుమారు 2 సెకన్ల ముందే ఈ తగ్గుదల మొదలవుతుంది! కదలిక ఆగిన కాసేపటికే బీటా మామూలు స్థాయిని మించి పైకి లేస్తుంది.

దీన్ని లెక్కగట్టే పద్ధతిని 1977లో ఫుర్ట్‌షెల్లర్, అరానిబార్ అనే పరిశోధకులు ప్రకటించారు. నెత్తిమీద ఎలక్ట్రోడ్లు పెట్టి, అదే కదలికను పదేపదే చేయిస్తారు. ప్రతి రికార్డులోనూ కావలసిన తరంగాలను వడగట్టి, విలువలను వర్గం చేసి, ఆ తర్వాతే సగటు తీస్తారు. ఈ వరస తప్పకూడదు. వర్గం చేయకపోతే ఎగుడుదిగుళ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మార్పు కనిపించకుండా పోతుంది. విశ్రాంతిలో 10 ఉన్న బలం కదిలేటప్పుడు 6కి దిగితే, 40 శాతం ఈఆర్‌డీ అన్నమాట.

చెయ్యి కదిపినట్టు ఊహించుకున్నా చాలామందిలో ఇదే తగ్గుదల వస్తుంది. కాళ్లూచేతులూ ఆడనివారి కోసం తయారవుతున్న మెదడు-కంప్యూటర్ అనుసంధానాల్లో కొన్ని పట్టుకునేది ఈ సంకేతాన్నే.