మన గడపలో అడిగిన ప్రశ్న ఎక్కడికి పోతుంది?



మధ్యాహ్నం వేళ. పొద్దుటి షిఫ్టుకు పోయినవాళ్ళు ఇంకా ఇంటికి రాలేదు. పిల్లలు బడిలో ఉన్నారు. వంటిల్లు సర్దుకుని కాసేపు నడుం వాలుద్దామనుకునే సరికి తలుపు చప్పుడవుతుంది. చూస్తే ఫారాల కట్ట పట్టుకుని ఒక అమ్మాయి. "ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా? ఎవరెవరు ఏం చదివారు? వంట దేనిమీద చేస్తారు?" అని మొదలుపెడుతుంది. మన సెంటినరీ కాలనీ క్వార్టర్లకు ఇది కొత్త గాదు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అని రాష్ట్రమంతా పనులు మానుకుని ఇంట్లో కూర్చుంది. 2024 నవంబరులో ముందు వచ్చి తలుపులకు స్టిక్కర్లు అంటించి, తరవాత మళ్ళీ వచ్చి పెద్ద ఫారం నింపుకుని పోయారు.

"ఇవన్నీ రాసుకుని ఏం చేస్తారక్కా? బీరువాలో పడేస్తారు" అని పక్కింటామె అంటుంది. ఆ మాట పూర్తిగా కొట్టిపారేయలేం. చాలా ఫారాల గతి అంతే. కానీ అట్లా ఇళ్ళకు వెళ్ళి అడిగిన ప్రశ్నలే ఒక ప్రభుత్వ పథకాన్ని నిలబెట్టిన సంగతి ఒకటుంది. అది మన పక్క జిల్లాల్లోనే జరిగింది.

ఉపాధి హామీ కూలీ, ముసలివాళ్ళ పింఛను ఒకప్పుడు ఎట్లా అందేవో మీకు గుర్తుండే ఉంటుంది. కూలీ డబ్బులు ఎక్కువగా పోస్టాఫీసులో. పింఛను పంచాయతీ మనిషి చేతుల మీదుగా. పనిచేసి వారాలు గడిచినా డబ్బు రాదు, వచ్చినా లెక్కలో ఉన్నదంతా రాదు. అందుకని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్మార్టుకార్డు అని ఒక పద్ధతి తెచ్చింది. కార్డు చూపించి, మిషను మీద వేలు పెడితే డబ్బు చేతికిస్తారు, రసీదిస్తారు. ఇచ్చేది ఎవరనుకున్నారు? ఆ ఊరి ఆడమనిషే. పొదుపు సంఘంలో ఉన్న సభ్యురాలు, హైస్కూలు చదువైనా చదివినామె, ఊరి పెద్దలకు చుట్టం కానిదై ఉండాలని నియమం పెట్టారు. ఈ నియమం రాసినవాళ్ళెవరో గాని, ఊళ్ళ సంగతి తెలిసినవాళ్ళే.

సరే, పద్ధతి మంచిదో కాదో తేల్చేదెట్లా? మామిడికాయ తొక్కునే తీసుకోండి. ఈ ఏడు కొత్త నూనె పోశారు, తొక్కు బాగా కుదిరింది. అది నూనె గొప్పదనమా, కాయ గొప్పదనమా? తేలాలంటే ఒకే చెట్టు కాయను కలిపి రెండు జాడీల్లో పెట్టి, ఒకదానికి పాత నూనె, ఒకదానికి కొత్త నూనె పోసి చూడాలి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు, ప్రభుత్వం ఒప్పుదల మీద, అచ్చంగా ఈ పనే చేశారు. 8 జిల్లాలు తీసుకున్నారు. మన అప్పటి కరీంనగర్ జిల్లా అందులో లేదుగాని, గోదావరి దాటితే ఆదిలాబాద్ ఉంది, అటు ఖమ్మం ఉంది. అంటే అప్పటి లెక్కన మంచిర్యాల, కొత్తగూడెం ఉన్న జిల్లాలే. ఏ మండలంలో కార్డు ముందు ఇవ్వాలో, ఎక్కడ తరవాత ఇవ్వాలో లాటరీ తీసినట్టు తీశారు. 112 మండలాలకు ముందు వచ్చింది, 45 మండలాలకు ఆఖరున. అధికారుల ఇష్టానికి వదిలితే రోడ్డు పక్కన ఉన్న మండలాలకే ముందు ఇస్తారు గదా. అప్పుడు మంచి ఫలితం కార్డుదో రోడ్డుదో చెప్పలేం.

2010లో ఒకసారి, రెండేళ్ళయ్యాక 2012లో ఇంకోసారి ఇళ్ళకు వెళ్ళి అడిగారు. సర్కారు కాగితంలో ఒక ఇంటికి ఇంత కూలీ ఇచ్చినట్టు ఉంటుంది. ఆ ఇంటామెను "నీకెంత ముట్టింది?" అని అడుగుతారు. రెంటికీ తేడా ఎంతో అంత మధ్యలో కారిపోయినట్టు. ఈ లెక్క ఆఫీసులో కూర్చుంటే దొరకదు. దొరికేది గడప దగ్గరే.

ఏం తేలింది? కార్డు ముందు వచ్చిన మండలాల్లో కూలీ ఆరు నుంచి పది రోజులు ముందుగా చేతికందింది. డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం సుమారు 22 నిమిషాలు తగ్గింది. ఉపాధి కూలీలో మధ్యలో కారిపోయేది 41 శాతం తగ్గింది. ఆ కుటుంబాల ఉపాధి సంపాదన 24 శాతం పెరిగింది, ప్రభుత్వం ఖర్చు మాత్రం పెరగలేదు! రెండేళ్ళకు కూడా సుమారు సగం చెల్లింపులే కొత్త పద్ధతిలోకి వచ్చాయి. సగం పనికే ఇంత ఫలితం.

ఇక అసలు సంగతి. 2013లో ఈ కార్డుల పథకాన్ని ఎత్తివేసే దాకా వచ్చింది. కారణం, పైవాళ్ళ చెవిన పడ్డవన్నీ ఫిర్యాదులే. మిషను పనిచేయడం లేదు, జనం తిప్పలు పడుతున్నారు అని. ఇబ్బందులు లేకపోలేదు. కానీ పైదాకా పోయి గట్టిగా చెప్పగలిగేది ఎవరు? పాత పద్ధతిలో మధ్యన నాలుగు రాళ్ళు మిగుల్చుకున్న ఊరి పెత్తందార్లకు నోరుంది, నాయకుల ఇంటికి దారి తెలుసు. కూలీ పది రోజులు ముందు అందినామె ఆ సంతోషం చెప్పుకోవడానికి బస్సెక్కి హైదరాబాదు పోదు గదా! సర్వేవాళ్ళు ఆమె దగ్గరికే పోయి, "పాత పద్ధతి మేలా, కొత్తదా?" అని అడిగి ఉన్నారు. పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమంది కొత్తదే మేలన్నారు. ఆ లెక్క ప్రభుత్వం ముందు పెట్టాక, పథకం నిలిచింది. ఆ లెక్క ఒక్కటే కారణమని వాళ్ళూ అనలేదు. అదీ ఒక కారణమన్నారు.

అయితే వేలిముద్ర ఎక్కడ పెట్టినా మేలే జరుగుతుందని అనుకునేరు! 2016 తరవాత జార్ఖండ్‌లో రేషను సరుకులకు ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేశారు. అక్కడా ఈ పరిశోధకులే లెక్క తీశారు. దొంగతనం తగ్గిన జాడ ఆ మార్పులో కనిపించలేదు. అప్పటికి ఆధార్ జోడించుకోని కుటుంబాలకు మాత్రం అందే సరుకు విలువ 10 శాతం తగ్గింది. మన దగ్గర కార్డు లేనివాళ్ళకు పాత దారి మూయలేదు, అక్కడ మూశారు. తేడా అంతా అందులోనే ఉంది. అంట్లు తోమి, బట్టలుతికి వేళ్ళ గీతలు అరిగిపోయినవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

తెలంగాణ వచ్చాక 2018 మేలో రైతుబంధు మొదటి విడత ఎకరానికి 4,000 రూపాయల చొప్పున చెక్కులిచ్చారు. రైతులు సుమారు 57 లక్షలమంది. లాటరీ తీసిన కొన్ని మండలాల్లో వ్యవసాయాధికారులకు ముందే ఒక మాట చెప్పారు: "మీ రైతులకు ఫోను చేసి చెక్కు అందిందా అని అడుగుతాం" అని. ఆ మాటకే ఆ మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య దాదాపు 8 శాతం తగ్గింది. అదనంగా రైతుకు చేరిన ప్రతి వంద రూపాయలకూ ఈ ఏర్పాటుకైన ఖర్చు మూడు రూపాయల అరవై పైసలు. అత్తగారు డబ్బా మూత తీసి చూస్తుందని తెలిస్తే కోడలు పప్పు జాగ్రత్తగా కొలిచినట్టే అనుకోండి.

ఇప్పుడు మన గడప సంగతి. అడగడానికి వచ్చినవాళ్ళను ఎవరు పంపారు, ఎందుకు అడుగుతున్నారు అని ముందు మీరే అడగండి. గుర్తింపు కార్డు చూడండి. బ్యాంకు ఖాతా రహస్య నంబరు, ఫోనుకు వచ్చే ఓటీపీ ఏ నిజమైన సర్వేకూ అక్కరలేదు. అడిగారంటే తలుపు వేసెయ్యండి. పరిశోధన సర్వేల్లో ఇష్టంలేని ప్రశ్నకు చెప్పనని చెప్పవచ్చు. కానీ చెప్పేది ఉన్నదున్నట్టు చెప్పండి. తక్కువ చెబితే ఏదో వస్తుందనీ, ఎక్కువ చెబితే పరువనీ లెక్క తిప్పితే, ఆ ఫారం నిజంగానే బీరువాకు తప్ప ఎందుకూ పనికిరాదు.

ఇంకొక మాట. చుట్టుపక్కల పల్లెల నుంచి మన క్వార్టర్లకు పనికి వచ్చే ఆమె ఉంటుంది. ఆమె అత్తకు పింఛను, ఆమెకు కూలీ డబ్బు. పింఛను నిండుగా అందుతున్నదా అని అడగడానికి సర్వే అమ్మాయి వాళ్ళ ఊరికి పోయిన వేళకు ఆమె మన వంటింట్లో గిన్నెలు తోముతూ ఉంటుంది. ఇంటి దగ్గర కొడుకో మరిదో నోటికొచ్చింది చెప్పి పంపేస్తారు. "ఊళ్ళోకి సర్వేవాళ్ళు వస్తున్నారట దొరసానీ, ఇవాళ తొందరగా పోతా" అని ఆమె ఎప్పుడైనా అంటే, ఆ పూట గిన్నెలు సింకులోనే ఉండనివ్వండి.