ఎత్తుట వేఱు, మోయుట వేఱు



ఎద్దుబండి నిలుచుచుండిన వాకిళ్లలో నేడు మోటారు కారులు నిలుచుచున్నవి. బండి నెఱిగిన పెద్దలు, కారును గూర్చి తమకేమియు దెలియదని తలంచి, ఇంటి పిల్లలు దాని చక్రము నూడదీయునపుడును, దాని క్రింద పరుండి మరలు బిగించునపుడును దూరముగా గూర్చుండి చూచుచుందురు. ఈ ప్రసంగము ముఖ్యముగా నట్టి పెద్దల కొఱకు. కారు నడుపుట మీకు దెలియకపోవచ్చును. కాని బరువు నెత్తుట, ఎత్తిన బరువునకు ఊత యిచ్చుట అను రెండు పనులలో మీకున్న యనుభవము పెక్కుమంది యువకులకు లేదు. ఆ యనుభవమే కారు క్రింద దూఱు బిడ్డ ప్రాణమును గాపాడగలదు.

చెప్పదలచినది ముందుగా నొక్కమాటలో జెప్పెదను. కారు నెత్తు సాధనమునకు జాకీ యని పేరు. అది కారు నెత్తుటకు మాత్రమే యేర్పడినది; ఎత్తిన కారును మోయుచు నిలుచుటకు గాదు. ఎత్తుట యొక పని, మోయుట వేఱొక పని. ఈ రెండిటిని ఒక్క సాధనముచేతనే నెఱవేర్పజూచుటయే ప్రమాదమునకు మూలము.

ఇది క్రొత్త మాట గాదు. బండి యిరుసునకు కందెన వేయు రీతి మీరెఱిగినదే. ఒకడు బండి నెత్తిపట్టును. వెంటనే మఱొకడు దాని క్రింద దిమ్మనో కఱ్ఱనో యూతగా బెట్టును. ఊత కుదిరిన పిదపనే చీల దీసి చక్రమును వెలుపలికి జరుపుదురు. పని ముగియు వఱకు ఎత్తినవాడే బండిని మోయుచు నిలువవలెనని యెవ్వరును గోరరు. తర్కశాస్త్రమున ఆధారము, ఆధేయము అని రెండు మాటలు గలవు. నిలిచియున్నది ఆధేయము, దానిని నిలిపినది ఆధారము. కారు ఆధేయము. దానికి ఆధారమేది? జాకీయే యని చెప్పువాడు ఎత్తినవానిని ఊతకఱ్ఱగా భ్రమించినవాడు.

ఆ బరువెంతయో చూతము. చిన్న కారు సుమారు 800 మొదలు 1000 కిలోల తూగును. పెద్దవి 1500 కిలోలకు పైబడును. చిన్న కారులో ఇంజను ముందుండుటచే ముందరి మూల నెత్తునపుడు సుమారు 300 కిలోలు జాకీపై బడును. అనగా 75 కిలోల వడ్లబస్తాలు నాలుగు. అవి ఱొమ్ముపై బడినచో, ఎముకలు విఱుగకపోయినను, ఊపిరి యాడక కొలది నిమిషములలో ప్రాణము పోవును.

జాకీ యెట్లు పనిచేయునో తెలిసికొన్నచో దాని బలమును, దాని బలహీనతయు బోధపడును. మనవైపు రెండు తెగల జాకీలు వాడుకలో నున్నవి. మొదటిది మర జాకీ. కారుతోపాటు ఇచ్చెడి కత్తెరవంటి జాకీ యీ తెగలోనిదే. మర యనగా కడ్డీకి చుట్టిన వాలుదారి. కొండపైకి నిట్టనిలువుగా నెక్కలేనివాడు చుట్టుదారిని బోయినట్లు, బరువును కొంచెము కొంచెముగా నెక్కించుటయే మరలోని యుపాయము. ఒక నిలువు మరకు 20 సెంటీమీటర్ల పిడి యున్నదనుకొందము. పిడి నొక చుట్టు త్రిప్పినచో చేయి సుమారు 125 సెంటీమీటర్ల దూరము తిరుగును. బరువు అర సెంటీమీటరు మాత్రమే లేచును. కావున బలము 250 రెట్లగును. మరలోని రాపిడివలన నందు సగమునకు పైగా వ్యర్థమైనను, మిగిలినది కారు మూల నెత్తుటకు చాలును. ఆ రాపిడి మనకు శత్రువు గాదు. చేయి వదలినను మర తనంతట వెనుకకు తిరుగకుండుట దానివలననే.

రెండవది నూనె జాకీ. లారీలవారు వాడెడి సీసావంటి జాకీ యిది. మూసిన పాత్రలోని ద్రవము నొకచోట నొత్తినచో ఆ యొత్తిడి అంతటను సమానముగా వ్యాపించునని ఫ్రాన్సు దేశీయుడగు పాస్కలు 17వ శతాబ్దమున దెలిపెను. ఆ సూత్రము నాధారముగా గొని బ్రామా యను ఆంగ్లేయుడు 1795వ సంవత్సరమున నీటి యొత్తిడి యంత్రమునకు పేటెంటు పొందెను. నేటి నూనె జాకీ యా వంశములోనిదే. చిన్న గొట్టపు అడ్డుకొలత 1 సెంటీమీటరు, పెద్ద గొట్టముది 3 సెంటీమీటర్లు అయినచో, వైశాల్యము తొమ్మిది రెట్లగును. బలమును తొమ్మిది రెట్లగును. పొడవైన పిడి తులాదండము వలె మఱి పది రెట్లు చేర్చినచో 90 రెట్లగును. కాని యిందు బరువు నంతయు నిలుపునవి లోపలి రబ్బరు వలయమును, ఒక చిన్న కవాటమును మాత్రమే. వలయము అరిగినను, కవాటమున నలుసు చిక్కినను, నూనె వెనుకకు జాఱును, కారు క్రుంగును. అది ముందుగా జెప్పి క్రుంగదు.

మర జాకీకి నూనె భయము లేదు గదా యని కొందఱందురు. నిజమే. కాని జాకీ చెడకయే కారు పడిపోవుటకు మఱి మూడు కారణములు గలవు.

మొదటిది నేల. జాకీ పీట చిన్నది. అది 10 సెంటీమీటర్ల చదరమైనచో దాని వైశాల్యము 100 చదరపు సెంటీమీటర్లు; 300 కిలోల బరువునకు ప్రతి చదరపు సెంటీమీటరునకు 3 కిలోలు పడును. రేగడినేలయందును, వాన తడిసిన వాకిటను పీట యొక ప్రక్కకు దిగబడి జాకీ యొఱగును. దాని క్రింద 30 సెంటీమీటర్ల చదరము గల దళసరి పలక వేసినచో అదే బరువు 900 చదరపు సెంటీమీటర్లకు పంచబడి, మూడవవంతు కిలో మాత్రమే యగును. అయినను చదునైన గట్టి నేలయే యుత్తమము. వాలునేలపై కారు నెత్తనే రాదు.

రెండవది కారు కదలుట. చేతి బ్రేకు వేసితిమి, గేరులో నుంచితిమి, ఇక భయమేల యందురు. చేతి బ్రేకు పెక్కు కారులలో వెనుక చక్రములనే పట్టును. గేరు ఇంజను త్రిప్పు చక్రములను మాత్రమే పట్టును. చిన్న కారులలో నవి తఱచుగా ముందరివి. అందును ఒక కిటుకు గలదు. మలుపులలో రెండు చక్రములు వేర్వేఱు వేగములతో దిరుగుటకై వాని నడుమ పండ్లచక్రముల కూర్పొకటి యుండును. ఒక ముందు చక్రము గాలిలోనికి లేచినతోడనే, ఆ కూర్పువలన నేలనున్న రెండవ చక్రము గేరులో నున్నను తిరుగగలదు. కావున బ్రేకును గేరును రెండును వేసి, అంతటితో దృప్తి నొందక, నేలనుండు చక్రములకు ముందును వెనుకను అడ్డుదిమ్మలు పెట్టవలెను. రథోత్సవమున తేరు చక్రమునకు దిమ్మ వేయువాని పని యెంత ముఖ్యమో మీకు నేను జెప్పనక్కఱలేదు.

మూడవది జాకీ పెట్టు చోటు. కారు అడుగు రేకు పలుచనిది. దానికి జాకీ తగిలించినచో రేకు లోనికి నొక్కుకొనిపోయి కారు జాఱును. తలుపుల క్రింది యంచున, ముందు చక్రమునకు కొంచెము వెనుకను, వెనుక చక్రమునకు కొంచెము ముందును, దృఢమైన చోట్లు ప్రత్యేకముగా నేర్పఱచియుందురు. పెక్కు కారులలో నచట రెండు గాట్లు కనబడును. కారుతో నిచ్చు చేతిపుస్తకమున నా చోట్లు బొమ్మగీచి చూపియుందురు. ఆ పుస్తకమును మనుమనిచే బిగ్గఱగా జదివించి వినుడు.

ఇక పని జరుగవలసిన క్రమము. మొదట కారులోనివారందఱును దిగవలెను. బ్రేకు, గేరు, అడ్డుదిమ్మలు కుదుర్పవలెను. చక్రము మార్చుటయైనచో, దాని నట్లను కారు నేలపై నుండగనే అరచుట్టు వదులు చేయవలెను. కారు లేచిన పిదప పానాతో బలముగా లాగినచో ఆ కుదుపునకు కారు జాకీపైనుండి తొలగును. తరువాత జాకీని నిలువుగా నిలిపి మెల్లగా నెత్తవలెను. ఒక మూల లేచుకొలది కారు ఎదుటి చక్రములపై ఒఱగి, జాకీ తలను ప్రక్కకు లాగును. కావున నడుమనడుమ నాగి జాకీ నిలువుగా నున్నదో లేదో చూచుచుండవలెను. కావలసినంతకు మించి యొక్క అంగుళమైనను ఎత్తరాదు.

చక్రము మార్చుటకు జాకీ చాలును. ఏలయన ఆ పనికి కారు క్రిందికి దూఱనక్కఱలేదు. అప్పుడును విప్పిన చక్రమునో, అదనపు చక్రమునో కారు అంచు క్రింద పరుండబెట్టుట మంచిది. మనవారు స్టెప్నీ యనునది యీ యదనపు చక్రమునే. వేల్సు దేశమున స్టెప్నీ యను వీథిలో 20వ శతాబ్ది యారంభమున అట్టి చక్రములు చేయు కర్మాగార ముండుటచే వచ్చిన పేరిది. జాకీ తప్పినను కారు చక్రముపై నాగును. చేతికి గాలికి సందు మిగులును. క్రొత్త చక్రమునకు నట్లను ఎదురెదురుగా నున్నవానిని వరుసగా బిగించి, కారు దింపిన పిదప మరల గట్టిగా బిగింపవలెను.

క్రింద పరుండి చేయు పని యైనచో జాకీ చాలదు. దానికి స్టాండు లనబడు ఉక్కు ఊతలు కావలెను. మూడు నాలుగు కాళ్లు గల పీటవలె నుండి, నడుమ కడ్డీ యెత్తు మార్చుకొనుటకు వీలుగా జేయబడిన సాధనము లవి. ఎన్ని టన్నులు మోయునో దానిపై వ్రాసియుండును. వాని నెల్లప్పుడు జతగా వాడవలెను. జాకీతో నెత్తి, దృఢమైన చోట స్టాండు నిలిపి, జాకీని దింపి బరువును స్టాండుపైకి మార్పవలెను. అనంతరము వెలుపల నిలిచియే కారును చేతితో ఊపి చూడవలెను. అప్పుడు కదలినది క్రింద మనుష్యుడున్నపుడును కదలును.

స్టాండులకు బదులు ఇటుకలు పేర్చుట మన యూళ్లలో నున్న దురలవాటు. గోడలో ఇటుక మోయుచున్నదే యందురు. గోడలో బరువు ఇటుక యంతటను సమానముగా బడును. కారు అంచు ఒక్క గీతపై నొత్తును. ఇటుకయు, బోలు సిమెంటు దిమ్మయు అట్టి యొత్తిడికి ఒక్కసారిగా బగులును. కఱ్ఱ యట్లు గాదు; అది ముందుగా నలిగి, చప్పుడు చేసి హెచ్చరించును. స్టాండులు దొరకనిచో దళసరి దుంగలను అడ్డదిడ్డముగా గాక, వరుస నిలువు, వరుస అడ్డముగా పేర్చుట కొంత మేలు. అదియు లేనిచో పని మానుకొనుటయే మేలు.

ఈ నియమము కారునకే గాదు. ట్రాక్టరు వెనుక ట్రాలీ తొట్టిని నూనె యొత్తిడితో నెత్తి, దాని క్రింద మరమ్మతు చేయువారికిని ఇదియే వర్తించును. ఎత్తిన తొట్టికి ఊత లేనిదే దాని క్రింద తలపెట్టరాదు.

పెద్దలారా, పిల్లవాడు కారు క్రిందికి దూఱబోవునపుడు మీరు నాలుగు ప్రశ్న లడుగుడు. నేల గట్టిగా నున్నదా? చక్రములకు దిమ్మలు వేసితివా? ఇప్పుడు బరువును మోయుచున్నదేది? ఊపి చూచితివా? మూడవ ప్రశ్నకు జాకీ యని సమాధానము వచ్చినచో, వానిని లేవదీయుడు. మీ మాట వాడు విసుగుకొనుచు వినినను వినును.

ఒకవేళ ఆపద సంభవించినచో, చిక్కినవానిని పట్టి లాగరాదు. ఒకరు 108కి ఫోను చేయుచుండగా, తక్కినవారు మఱొక జాకీతోనో, గట్టి దుంగను తులాదండముగా వేసియో కారు నెత్తి, ఎత్తినకొలది దిమ్మలు త్రోయుచుండవలెను. కంగారులో నొకవైపు ఎత్తి మఱొకవైపు పడవేసినచో రెండవ ఆపద కలుగును.

ఒక జత స్టాండుల వెల కారు వెలలో లెక్కింపదగినది గాదు. కారు కొన్ననాడే వానిని గొని, జాకీ ప్రక్కననే యుంచుడు. జాకీ యెత్తును, స్టాండు మోయును. ఎవరి పని వారు చేసినచో క్రింద నున్నవాడు పని ముగించుకొని నవ్వుచు వెలుపలికి వచ్చును.