సంచికి తేలిక, ఇంటికి తేలిక

కళాశాలల్లో ప్రవేశాలు మొదలయ్యే రోజుల్లో మన ఇళ్లలో ఒక మాట తప్పక వినిపిస్తుంది: “అబ్బా, క్లాసులో నోట్సు రాసుకోవడానికి ల్యాప్‌టాప్ కావాలి.” అడిగే బిడ్డ కోరికలో తప్పు లేదు. వినే తండ్రి గుండెల్లో గుబులు కూడా సహజమే. ఫీజులు కట్టి, పుస్తకాలు కొని, అప్పటికే చేతులు ఖాళీ అయిన సమయమది.

మా ఇంట్లోనూ ఈ మాట వచ్చింది. మాది పీలేరు. అమ్మాయి తిరుపతిలో డిగ్రీలో చేరింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో వెలసిన నాటి నుంచీ ఈ ప్రాంతపు బిడ్డలకు తిరుమల కొండల పాదాన ఉన్న ఆ ఊరే చదువుల ఊరు. 2025 ఆగస్టు 15న ‘స్త్రీశక్తి’ పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక, హాస్టలు ఖర్చు లేకుండా రోజూ వెళ్లిరావడానికి మేము ధైర్యం చేశాము. భాకరాపేట ఘాట్ మీదుగా రానూపోనూ వంద కిలోమీటర్లకు పైనే. సీటు దొరకని రోజున ఆ దారంతా సంచి భుజాన వేసుకుని నిలబడాల్సిందే.

తూకం చెప్పిన సంగతి

మొదట మేము వెళ్లిన దుకాణంలో 15.6 అంగుళాల తెర ఉన్న యంత్రాన్ని చూపించారు. పెద్ద తెర, మెరిసే మూత, ‘వడ్డీ లేని వాయిదాలు’. సంతకం పెట్టేవాళ్లమే. రేపు వస్తామని చెప్పి ఇంటికి వచ్చి, అమ్మాయి సంచిని వీధి చివరి కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాము. పుస్తకాలు, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసాతో అప్పటికే అయిదు కిలోలు దాటింది. ఆ యంత్రం కిలోన్నరకు పైగా ఉంటుంది, ఛార్జరు అదనం. రోజూ ఇంత బరువు మోయమని ఆ పిల్లకు ఎలా చెప్పగలం?

లీటరు నీళ్ల బరువు ఒక కిలో. ల్యాప్‌టాప్ కూడా అంతకు దగ్గరగా ఉంటే మోయడం కష్టం కాదు. 2023లో రిలయన్స్ విడుదల చేసిన జియోబుక్ 11.6 అంగుళాల తెరతో 990 గ్రాములే తూగింది. అప్పటి ధర రూ.16,499. అయితే దానిది ఆండ్రాయిడ్ ఆధారిత వ్యవస్థ, 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ. నోట్సుకు, పాఠాలు చూడటానికి అది చాలు. కోర్సులో విండోస్ మీదే నడిచే సాఫ్ట్‌వేర్ ఉంటే మాత్రం పనికిరాదు. అందుకే కొనేముందు అధ్యాపకులను ఒక్క మాట అడగాలి: “ఈ కోర్సుకు ఏ సాఫ్ట్‌వేర్ కావాలి?” సగం ఎంపిక అక్కడే తేలిపోతుంది.

చూడవలసినవి

నోట్సు రాసుకోవడానికి శక్తిమంతమైన యంత్రం అక్కరలేదు. ఈ కొన్ని చూసుకుంటే చాలు.

*ర్యామ్:* విండోస్ 11కు కనీసం 4 జీబీ అని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. ఆ కనీసంతో పని నత్తనడకే. 8 జీబీ మేలు. చాలా తేలికపాటి యంత్రాల్లో ర్యామ్‌ను బోర్డుకే అతికిస్తారు కనుక తర్వాత పెంచుకోవడం కుదరదు.

*నిల్వ:* ఎస్‌ఎస్‌డీ ఉండాలి. పాత తరహా హార్డ్‌డిస్క్ నిదానం, పైగా బస్సు కుదుపులకు దెబ్బతినే అవకాశం ఎక్కువ. చౌక యంత్రాల్లో కనిపించే ఈఎంఎంసీ నిల్వ ఎస్‌ఎస్‌డీ కంటే నెమ్మది.

*బ్యాటరీ:* తరగతి గదిలో ప్రతి బల్లకూ ప్లగ్గు ఉండదు. బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్-అవర్‌లలో రాస్తారు. 40 వాట్-అవర్‌ల బ్యాటరీతో గంటకు 8 వాట్-అవర్‌ల చొప్పున వాడుకునే యంత్రం 5 గంటలు నడుస్తుంది. బ్యాటరీ రోజంతా నిలిస్తే ఛార్జరు ఇంట్లోనే ఉంటుంది, ఆ బరువూ తగ్గుతుంది.

*కీబోర్డు:* నోట్సుకు ఇదే ప్రాణం. దుకాణంలోనే నిలబడి ఒక పేరా టైపు చేసి చూడాలి. తెలుగు మాధ్యమం వారికి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, వేరే కొనవలసిన పనిలేదు.

పాతది కొనవచ్చా?

నిస్సంకోచంగా కొనవచ్చు. కార్యాలయాలు వాడి వదిలేసిన 12, 14 అంగుళాల యంత్రాలు మరమ్మతు చేసి అమ్మకానికి వస్తుంటాయి. వాటి కీబోర్డు, కీళ్లు చాలా కొత్త చౌక యంత్రాలకన్నా గట్టివి. అయితే 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నదైతే ఎనిమిదవ తరం లేదా ఆ తర్వాతిదై ఉండాలి, అప్పుడే విండోస్ 11కు అధికారిక మద్దతు దొరుకుతుంది. అంతకంటే పాతదైతే ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థలు ఉన్నాయి. రాతపనికి లిబ్రెఆఫీస్ కూడా ఉచితమే. విండోస్‌లోని ‘బ్యాటరీ రిపోర్ట్’ తీయించి, తయారైనప్పటి సామర్థ్యంలో ఇప్పుడెంత మిగిలిందో తప్పక చూడండి. మేము ఆ పని చేయలేదు. ఇంటికి తెచ్చాక బ్యాటరీ సగానికి పడిపోయిందని తెలిసి, కొత్తది వేయించుకోవాల్సి వచ్చింది.

వాయిదాల చాటున వడ్డీ

దుకాణంలో వినిపించే ‘నో-కాస్ట్ ఈఎంఐ’ మాటను తరచి చూడాలి. సాధారణంగా జరిగేది ఇది: వడ్డీకి సరిపడా మొత్తాన్ని ధరలో రాయితీగా చూపిస్తారు, బ్యాంకు ఆ వడ్డీని వాయిదాలలో వసూలు చేసుకుంటుంది. ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, చాలాచోట్ల ప్రాసెసింగ్ రుసుము మన నెత్తినే పడతాయి. 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు, సున్నా వడ్డీ అనేది నిజానికి లేదని, దాన్ని వేరే రుసుముల చాటున దాస్తున్నారని బ్యాంకులను హెచ్చరించింది. ఖుర్ఆన్ వడ్డీని నిషేధించిందని తెలిసిన మనం, పత్రంలో వడ్డీ అన్న గడి ఉందో లేదో చదవకుండా సంతకం పెట్టడం తగదు. అందుకే రొక్కంతో కొనేవారు ఆ రాయితీని తమకే ఇవ్వమని అడగాలి. అడిగితే చాలామంది దుకాణదారులు ఎంతో కొంత తగ్గిస్తారు.

చేతిలో డబ్బు లేకపోతే బంధువుల వద్ద ఖర్జె హసన తీసుకోవచ్చు. మొత్తం, గడువు కాగితం మీద రాసుకోవాలి. రాసుకొమ్మన్నది ధర్మమే, బంధుత్వాన్ని కాపాడేదీ అదే. వేలం లేకుండా అందరూ సమానంగా కట్టి సమానంగా తీసుకునే ఇంటి చీటీ మరో మార్గం. ఏదీ కుదరకపోతే ఆగవచ్చు. మేము నాలుగు నెలలు ఆగాము. అంతవరకు అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది, టైపు చేయవలసినవి ఫోనుకు చిన్న బ్లూటూత్ కీబోర్డు కలిపి చేసింది.

ఆ నాలుగు నెలల్లో చదువేమీ ఆగలేదు. 2014లో అమెరికాలో మ్యూలర్, ఒపెన్‌హైమర్ అనే పరిశోధకులు ల్యాప్‌టాప్‌పై విన్నది విన్నట్టు టైపు చేసేవారికన్నా చేత్తో రాసుకునేవారికి భావం బాగా పట్టుబడుతుందని ప్రకటించారు. 2019లో మరికొందరు అదే ప్రయోగాన్ని మళ్లీ చేస్తే అంత స్పష్టమైన తేడా కనిపించలేదు. ఏ పరికరంతో రాసినా, విన్నదాన్ని అర్థం చేసుకుని సొంత మాటల్లో రాయడమే ముఖ్యమని మాకు అనిపించింది. లెక్కలు, రసాయన సమీకరణాలు ఈనాటికీ మా అమ్మాయి కలంతోనే రాస్తుంది.

చివరికి కిలో మూడు వందల గ్రాముల పాత యంత్రాన్ని రొక్కమిచ్చి కొన్నాము. మూత మీద గీతలున్నాయి. తోటి పిల్లల వద్ద ఇంతకంటే మెరిసేవి ఉన్నాయి. “నీకు చిన్నతనంగా లేదా తల్లీ?” అని వాళ్ల అమ్మీ అడిగింది. “బస్సులో నిలబడినప్పుడు ఆ గీతలు ఎవరికీ కనిపించవు అమ్మీ, బరువైతే నాకు తెలుస్తుంది” అంది అమ్మాయి. నెల మొదటి తారీఖున మా ఇంటికి ఏ బ్యాంకు ఫోనూ రాదు. అల్‌హమ్దులిల్లాహ్.