పసుపు గుణం.. చర్మం దాటేదెలా?

నానో ఎమల్షన్లతో కొత్త మార్గం
నిల్వ ఉండటమే అసలు పరీక్ష

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: పెళ్లింట నలుగు పెట్టాలన్నా, గడపకు బొట్టు పెట్టాలన్నా పసుపు లేనిదే పని సాగదు. వేలు తెగితే ఇంట్లో మొదట అద్దేదీ పసుపే. అయితే ఒంటికి పూసుకున్న పసుపులోని ప్రధాన గుణం చర్మం లోపలికి చేరేది బహు స్వల్పం. ఎక్కువ భాగం పైనే నిలిచి, స్నానం చేయగానే నీటితో పాటు పోతుంది. ఆ గుణాన్ని చర్మపు పొరల్లోకి చేర్చేందుకు శాస్త్రవేత్తలు అనుసరిస్తున్న మార్గాల్లో ‘నానో ఎమల్షన్’ ఒకటి. పసుపు పండించే మహబూబాబాద్ రైతుకు, ఎండలో పనిచేసే భూపాలపల్లి కార్మికుడికి, జనగామ బజారులో క్రీము కొనే వినియోగదారుకు ఇందులో తెలుసుకోదగిన విషయాలున్నాయి.

ఎండ చేసే చేటు

కోసిన వంకాయ ముక్క గాలి తగిలితే నల్లబడుతుంది. అది ఆక్సీకరణ ఫలితం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకినప్పుడు చర్మకణాల్లోనూ ‘ఫ్రీ రాడికల్స్’ అనే చురుకైన అణువులు పుట్టి ఆక్సీకరణను పెంచుతాయి. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ దెబ్బతిని ముడతలు, మచ్చలు ఏర్పడతాయి. వీటిని అడ్డుకునే పదార్థాలే యాంటీ ఆక్సిడెంట్లు. విటమిన్ సి, విటమిన్ ఇ, పసుపులోని కుర్కుమిన్ ఈ కోవకు చెందినవే. ఉపరితల గనుల్లో, పత్తి చేలల్లో రోజంతా గడిపేవారి చర్మానికి ఈ రక్షణ అవసరం మరింత ఎక్కువ.

ఇటుకల గోడ

చర్మపు పైపొర మందం 10 నుంచి 20 మైక్రోమీటర్లే. కానీ అది పటిష్ఠమైన గోడ. మృతకణాలు ఇటుకల్లా, వాటి మధ్యనున్న కొవ్వు సున్నంలా ఒకదానినొకటి పట్టి ఉంటాయి. అణుభారం 500 డాల్టన్లు దాటిన పదార్థాలు సాధారణంగా ఈ గోడ దాటలేవు. కుర్కుమిన్ అణుభారం 368 మాత్రమే కనుక బరువు అడ్డంకి కాదు. అది నీటిలో దాదాపు కరగకపోవడమే సమస్య. కరగని రేణువు గోడ బయటే ఆగిపోతుంది. నలుగుపిండిలో పసుపుతో పాటు నూనె కలిపే మన పెద్దల అలవాటులో ఔచిత్యం ఇక్కడే ఉంది. నీటిలో కరగని కుర్కుమిన్ నూనెలో కొంత కరుగుతుంది.

మీగడ కట్టని పాలు

పితికిన పాలను కదపకుండా ఉంచితే వెన్న పైకి తేలి మీగడ కడుతుంది. హోమోజినైజ్ చేసిన ప్యాకెట్ పాలలో అలా తేలదు. యంత్రంలో కొవ్వు బిందువులను అతి చిన్నవిగా చేయడమే కారణం. నానో ఎమల్షన్ ఈ సూత్రానికి తరువాతి మెట్టు. కుర్కుమిన్‌ను కరిగించిన నూనెను నీటిలో 20 నుంచి 200 నానోమీటర్ల బిందువులుగా విడగొడతారు. తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. పది మైక్రోమీటర్ల నూనె బిందువును 100 నానోమీటర్ల బిందువులుగా విడగొడితే పది లక్షలవుతాయి. చర్మాన్ని తాకే ఉపరితలం వంద రెట్లు పెరుగుతుంది.

ఇందుకు వెయ్యి బార్ల స్థాయి ఒత్తిడితో పనిచేసే హోమోజినైజర్లను వాడతారు. కారు టైరులోని గాలి ఒత్తిడికి ఇది దాదాపు అయిదు వందల రెట్లు. శబ్ద తరంగాలతోనూ బిందువులను విడగొట్టవచ్చు. అవి మళ్లీ కలిసిపోకుండా లెసిథిన్, ట్వీన్-80 వంటి ఎమల్సిఫయర్లు కలుపుతారు.

చిన్నవిగా ఉంచడమే కష్టం

నూనె, నీరు ఎంత కలిపినా విడిపోవాలనే చూస్తాయి. నానో ఎమల్షన్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఆ విడిపోవడాన్ని నెలలు, సంవత్సరాలు వాయిదా వేయగలిగితేనే అది స్థిరమైనదని అంటారు. బిందువులు ఒకదానికొకటి తగిలి కలిసిపోవడం ఒక బెడద. చిన్న బిందువుల్లోని నూనె కొద్దికొద్దిగా నీటిలోకి కరిగి పెద్ద బిందువులను చేరడం మరో బెడద. చిన్నవి క్షీణించి పెద్దవి పెరిగే ఈ క్రియను 1909లో నోబెల్ బహుమతి పొందిన రసాయన శాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఆస్వాల్డ్ పేరిట ‘ఆస్వాల్డ్ రైపెనింగ్’ అంటారు. నీటిలో ఏమాత్రం కరగని మరో నూనెను చేర్చి దీనిని నెమ్మదింపజేస్తారు. కుర్కుమిన్ వెలుతురుకు, క్షార గుణానికి విరిగిపోతుంది. అందువల్ల ద్రావణాన్ని కొద్దిగా ఆమ్లంగా ఉంచి, వెలుతురు చొరని సీసాల్లో నింపాలి.

తయారైన ఎమల్షన్‌ను సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పుతారు. చలికి, వేడికి మార్చి మార్చి గురిచేస్తారు. 40 డిగ్రీల ఉష్ణోగ్రత, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి పరిశీలిస్తారు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే మన జిల్లాల్లో రేకుల షెడ్డులోని దుకాణం అల్మారాకు ఇది అవసరమైన పరీక్షే. చర్మంలోకి ఎంత చేరుతుందో తెలుసుకునేందుకు ‘ఫ్రాంజ్ సెల్’ అనే గాజు పరికరంలో పంది చెవి చర్మం వంటివి అమర్చి కొలుస్తారు.

ఓరుగల్లులోనూ పరిశోధన

ఈ విద్య మన ప్రాంతానికి కొత్తది కాదు. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయంలోని ఫార్మసీ కళాశాలలో ఆచార్య వి.కిషన్ లిపిడ్ నానో ఎమల్షన్లపై, ఆచార్య వై.మధుసూదన్ రావు చర్మం ద్వారా మందులు అందించే విధానాలపై పరిశోధనలు చేశారు. ఎమల్షన్‌ను స్థిరంగా ఉంచవచ్చనడానికి ఆసుపత్రుల్లో రక్తనాళం ద్వారా ఎక్కించే పాలవంటి తెల్లటి కొవ్వు ద్రావణమే నిదర్శనం. సోయా నూనె, కోడిగుడ్డు లెసిథిన్‌తో చేసే ఈ ద్రావణం 1960ల ఆరంభం నుంచే వాడుకలో ఉంది.

రైతుకు ఒరిగేదేమిటి?

పసుపు కొమ్ములో కుర్కుమిన్ సాధారణంగా 2 నుంచి 5 శాతం వరకే ఉంటుంది. మందులు, సౌందర్య సాధనాల తయారీదారులకు కావలసింది ఈ శాతమే. మార్కెట్ యార్డులో రంగు, తేమ, కొమ్ము సైజు చూసి ధర కట్టినంత కాలం ఆ విలువ రైతు చేతికి రాదు. విత్తన రకం ఎంపికతో పాటు ఉడకబెట్టడంలోనూ జాగ్రత్త అవసరం. అతిగా ఉడికితే కుర్కుమిన్ తగ్గుతుంది.

పసుపుతో గాయాలు మాన్పే పద్ధతిపై 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. అది మన సంప్రదాయ జ్ఞానమని సీఎస్ఐఆర్ రుజువులు చూపి పోరాడగా 1997లో రద్దయింది. పాత జ్ఞానాన్ని అలా కాపాడుకున్నాం. దాని నుంచి కొత్త ఉత్పత్తులు తీసే పని మిగిలి ఉంది. నిజామాబాద్ కేంద్రంగా 2025 జనవరిలో ప్రారంభమైన జాతీయ పసుపు బోర్డు దృష్టి సారించవలసిన అంశమిది.

కొనేముందు గమనించండి

* ‘నానో’ అన్న మాట నాణ్యతకు హామీ కాదు. తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ చూడాలి.
* నూనె పైకి తేలినా, రంగు, వాసన మారినా వాడరాదు.
* సౌందర్య సాధనం రోగాన్ని నయం చేస్తుందని ప్రకటిస్తే నమ్మరాదు.
* మొదట మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి ఒక రోజు చూడాలి. దురద, ఎర్రదనం వస్తే మానేయాలి.
* ఏ క్రీము రాసినా ఎండలో తలపాగా, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. మానని పుండు, పెరుగుతున్న మచ్చ ఉంటే వైద్యుడికి చూపించాలి.