ఎక్కువ మార్కులొస్తే ప్రమాదమే!

వార్డులో రోగి పరిస్థితి ‘ఉన్నట్టుండి విషమించింది’ అంటుంటారు. చాలా సందర్భాల్లో శరీరం కొన్ని గంటల ముందే సూచనలిస్తుంది. వాటిని అంకెల్లో పట్టే పద్ధతిని బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో రూపొందించింది, 2017లో సవరించింది. పేరు నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్.

శ్వాస, రక్తంలో ఆక్సిజన్, రక్తపోటు, నాడి, స్పృహ, జ్వరం - ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు. రోగికి ఆక్సిజన్ పెట్టి ఉంటే మరో 2. మొత్తం ఎంత పెరిగితే ముప్పు అంత ఎక్కువ.

స్పృహలోనే ఉన్న ఒక రోగికి నిమిషానికి శ్వాస 22, నాడి 104, ఆక్సిజన్ 95 శాతం, పై రక్తపోటు 108, జ్వరం 101 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. విడివిడిగా ఏదీ అంతగా భయపెట్టదు. కలిపితే 6 మార్కులు! 5 వస్తేనే డాక్టరు త్వరగా వచ్చి చూడాలి. 7 వస్తే అత్యవసర వైద్య బృందాన్ని పిలవాలి.

పదహారేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు ఈ లెక్క వర్తించదు.

వీటిలో తరచూ నిర్లక్ష్యానికి గురయ్యేది శ్వాస. నర్సు గడియారం చూస్తూ నిమిషం పాటు ఛాతీ కదలికలు లెక్కించాలి. రద్దీ వార్డులో ఆ నిమిషమే కరువు. లెక్క సరిగా వేసినా, కబురందిన డాక్టరు రాకపోతే చార్టు వల్ల రోగికి ఒరిగేదేమీ లేదు.