కొల్లేట్లో నైట్ స్టే... ముందు అడగండి!

డిక్కీలో టెంటు, వెనక సీట్లో దుప్పటి, చేతిలో గూగుల్ మ్యాప్. కొల్లేరుకి వీకెండ్ ట్రిప్ వేసే కుర్రాళ్లు నన్ను అడిగేది ఒకటే: 'అన్నా, రాత్రికి ఎక్కడ ఆగొచ్చు?' ఏలూరు వాణ్ని కాబట్టి ఉన్నమాట చెబుతా. మ్యాప్‌లో ఖాళీగా కనిపించినా, ఇక్కడ ఎవరిదీ కాని జాగా దాదాపు లేనట్టే.

అభయారణ్యంలో...

+5 కాంటూరు వరకూ కొల్లేరుని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు కూడా వచ్చింది. చట్టప్రకారం పబ్లిక్ రోడ్డు మీద దాటిపోవచ్చు. దిగి లోపలికి వెళ్లాలన్నా, ఉండాలన్నా అటవీ శాఖ పర్మిషన్ కావాలి. ఎండిన కిక్కిస పక్కన క్యాంప్‌ఫైర్ వేస్తే కేసే! ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెట్టే చలికాలంలో స్పీకర్లూ, హెడ్‌లైట్లూ మరీ వద్దు. బెదిరిన తల్లి ఎగిరిపోతే గూట్లో పిల్లలకు దిక్కెవరు?

చెరువు గట్టు మీద...

అది ఒకరి పెట్టుబడి. రాత్రిళ్లు కాపలా ఉంటుంది. చీకట్లో టెంటు కనబడితే చేపల దొంగలనుకుంటారు. వెలుగుండగానే వెళ్లి, 'బాబాయ్, ఈ రాత్రికి ఇక్కడ ఉండొచ్చా?' అని అడగండి. వద్దంటే వాదన వద్దు. సరే అంటే, చేపల లారీ వచ్చే దారికి అడ్డంగా కారు పెట్టకండి. పొద్దున చెత్తంతా మీతోనే తెచ్చేసుకోండి.

హైవే పక్కన...

ఇతరులకు ప్రమాదం కలిగేలా బండి ఆపడం మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ కింద తప్పు. చట్టం సంగతి అలా ఉంచి, లైట్లు ఆర్పిన కారు వెనకొచ్చే లారీకి కనపడేసరికే ఆలస్యమైపోతుంది. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కి వచ్చే లారీ డ్రైవర్లను చూడండి. ధాబాలోనో, బంకులోనో ఓ మాట అడిగి, జనం మసలే వెలుతురు చోట పడుకుంటారు. మనమూ అంతే. బండి మొరాయిస్తే జాతీయ రహదారి హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ కొట్టండి. అద్దాలు మూసి, ఏసీ వేసి మాత్రం నిద్రపోకండి. ఇంజన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం పోతున్నా మెలకువ రాదు.

ఎక్కడా కుదరలేదా? ఏలూరులోనో, కైకలూరులోనో రూమ్ తీసుకోండి. తెల్లారి ఆటపాక వెళ్తే పక్షులు అక్కడే ఉంటాయి.