తల్లి ప్రోగ్రాము, బిడ్డ ప్రోగ్రాము

కంప్యూటరునందు నడచు ప్రోగ్రాములలో పెక్కింటికి బయటినుండి సమాచారము కావలసియుండును. అది లోనికి వచ్చు వాడుక మార్గమునకు స్టాండర్డ్ ఇన్‌పుట్ అని పేరు. 1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు ఆరంభించిన యూనిక్స్ వ్యవస్థనుండి ఈ పద్ధతి వచ్చినది. నేటి లినక్స్ యంత్రములును దీనినే అనుసరించుచున్నవి. ఇందు ప్రతి మార్గమునకు ఒక సంఖ్య కలదు. 0 సమాచారమును గ్రహించునది; 1 ఫలితమును వెలువరించునది; 2 తప్పులను తెలుపునది.

ఇన్‌పుట్ అనగా కీబోర్డే యని పలువురు తలంతురు. అది సరికాదు. ప్రోగ్రాము 0 అను సంఖ్యగల మార్గమునుండి చదువును; అంతే. ఆ సంఖ్య వెనుక కీబోర్డుండవచ్చును, ఫైలుండవచ్చును, లేదా వేఱొక ప్రోగ్రాము ఫలితమును మోసికొనివచ్చు పైపు ఉండవచ్చును. డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ సూచించిన ఈ పైపులు 1973లో యూనిక్స్‌నందు చేరినవి.

ఒక ప్రోగ్రాము వేఱొకదానిని నడుపవలెనన్న ఏమి చేయును? మొదట ఫోర్క్ అను పిలుపుచే తనవంటి బిడ్డను పుట్టించును. పిమ్మట ఆ బిడ్డ ఎక్సెక్ అను పిలుపుచే క్రొత్త ప్రోగ్రాముగా మారును. తల్లి ప్రత్యేకముగా మార్చనిచో, తల్లి ఇన్‌పుట్టే బిడ్డకును సంక్రమించును. అప్పుడు రెండును ఒకే మార్గమునుండి చదువును. ఒకటి చదివిన పంక్తి రెండవదానికి మరల దొరకదు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఉదాహరణము చూతము. ఒక ఫైలునందు పది కంప్యూటర్ల పేర్లు పంక్తికొకటిగా కలవు. షెల్ అను ప్రోగ్రాము ఒక్కొక్క పేరు చదివి, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఆ యంత్రమునకు, నీ ఫైళ్లకు నకలు తీయుము అని ఆజ్ఞ పంపవలెను. మొదటి పేరు చదువబడినది, ఎస్‌ఎస్‌హెచ్ నడచినది. ఇన్‌పుట్‌లో దొరకినదెల్ల దూరపు యంత్రమునకు చేరవేయుట దాని ధర్మము. కావున మిగిలిన తొమ్మిది పేర్లను అదియే చదివివేయును. షెల్ తిరిగి చూచునప్పటికి ఫైలు ముగిసియుండును. పని పూర్తియైనదని తలచి అది ఆగిపోవును. తప్పు జరిగినదని తెలుపు మాట యొక్కటియు కానరాదు. తొమ్మిది యంత్రములకు నకళ్లు లేవను సంగతి, ఏదేని యొకటి చెడిపోయిన నాడు గాని బయటపడదు.

దీనికి మందు సులభము. బిడ్డకు ఇన్‌పుట్ అక్కఱలేనిచో, తల్లి దానికి డెవ్‌నల్ అను శూన్యపు ఫైలు నీయవలెను. దానిని చదువగనే సమాప్తి యను సమాధానము వచ్చును. తల్లి పట్టిక భద్రముగా నుండును.

వేఱొక చిక్కు కలదు. పంక్తులను వరుసపఱచు సార్ట్ అను ప్రోగ్రాము చివరి పంక్తి వఱకు చదువక ఫలితము నీయజాలదు. తల్లి పైపు ద్వారా పంక్తులను పంపి, తన కొనను మూయక ఫలితమునకై వేచియున్నచో, ఇంకను పంక్తులు వచ్చునని బిడ్డయు వేచియుండును. ఇట్లు రెండును కదలక నిలిచిపోవును. వ్రాయు కొనలన్నియు మూసిననే గాని పైపునకు సమాప్తి లేదు.

కావున, ప్రోగ్రాములు వ్రాయు విద్యార్థులారా! వేఱొక ప్రోగ్రామును నడుపునపుడెల్ల రెండు ప్రశ్నలు వేసికొనుడు. దీని ఇన్‌పుట్ ఎచ్చటినుండి వచ్చును? అది ఎప్పుడు ముగియును? ఈ రెంటికిని సమాధానము చెప్పిన పిదపనే దానిని నడుపుడు.